తిరుపతిలో మూడు వారాలు

సికింద్రాబాద్‌లో మా మిషన్ కాలేజీలో ప్రతి నెలా మొదటి పనిదినాన, పొద్దున ప్రార్థన అయిన వెంటనే స్టాఫ్ రూములో 'సిబ్బంది సమాచారం' చదువుతారు. ఒక్క కాగితం, అంతే. ఎవరికి ప్రమోషన్ వచ్చింది, ఎవరు ఏ ట్రైనింగుకు వెళ్తున్నారు, ఎవరింట్లో పెళ్లి, ఎవరు రిటైరవుతున్నారు, ఎవరు పోయారు. అది తెలుగులోనే ఉండాలని వెనకటి ప్రిన్సిపాల్ ఎవరో నియమం పెట్టి పోయారు. తొమ్మిదేళ్లుగా ఆ కాగితం రాసేదీ, నిలబడి చదివేదీ నేనే. నా పేరు ప్రేమమణి, బోటనీ లెక్చరర్ని. గొంతు బాగుంటుందని నాకు అప్పగించామని అందరూ అంటారు. అసలు సంగతేమిటంటే ఇంకెవరూ ఒప్పుకోలేదు.

ఫిబ్రవరి ఒకటో తేదీన, మా ఆయన పోయిన ఇరవై ఆరో రోజున, నేను మళ్లీ డ్యూటీలో చేరాను. అప్పటిదాకా నేను సెలవులో ఉన్నాను కాబట్టి ఆ నెల కాగితం ఆఫీసు సూపరింటెండెంట్ జకర్యా గారు తయారుచేశారు. ప్రార్థన అయింది. అందరూ ఆమెన్ అన్నారు. జకర్యా గారు అలవాటు కొద్దీ కాగితం తెచ్చి నా చేతిలో పెట్టారు. నేనూ అలవాటు కొద్దీ లేచి నిలబడ్డాను. ఇద్దరిలో ఏ ఒక్కరం ఒక్క క్షణం ఆలోచించినా సరిపోయేది.

మొదట అభినందనలు. ఇంగ్లీషు డిపార్ట్‌మెంటులో ఒకరికి ఎంఫిల్ వచ్చింది, చదివాను. రెండోది విచారం. "బోటనీ లెక్చరర్ శ్రీమతి ప్రేమమణి గారి భర్త, రైల్వే పార్శిల్ ఆఫీసు ఉద్యోగి శ్రీ యేసుదాసు గారు జనవరి ఆరవ తేదీన ప్రభువునందు నిద్రించారు. వారి కుటుంబానికి సిబ్బంది ప్రగాఢ సానుభూతి తెలియజేస్తున్నారు." గొంతు వణకలేదు. కామా దగ్గర ఆగాల్సినంత ఆగాను. చావు కబురు చల్లగా చెప్పడమంటే అదే అయ్యుంటుంది. నలభై మంది తలలు వంచుకుని బల్ల వంక చూస్తున్నారు. జకర్యా గారికి అప్పుడు తెలిసొచ్చింది ఏం చేశారో. ఆయన నుదుటి మీద చెమట కనిపిస్తోంది గాని, మధ్యలో లేచి కాగితం లాక్కోవడం ఎలాగో ఆయనకు తోచలేదు.

ఆ వాక్యం నాదే. తొమ్మిదేళ్లుగా అందరి చావులకీ పేర్లు మార్చి నేను రాస్తున్నదే. జకర్యా గారు పాత కాగితం చూసి దించారు. ఆ 'ప్రగాఢ' అనే మాట నేనే పెట్టాను, పెట్టినప్పుడు బరువుగా ఉందనుకున్నాను. నాకోసం నేనే చదువుకుంటే అందులో ఏమీ లేదు. నాలో కూడా ఏమీ లేదు కాబట్టి సరికి సరి.

మూడోది శిక్షణ. "తిరుపతి యూనివర్సిటీలో ఫిబ్రవరి ఆరు నుంచి మూడు వారాల పాటు జరిగే లైఫ్ సైన్సెస్ రిఫ్రెషర్ కోర్సుకు, శ్రీమతి ప్రేమమణి గారి అభీష్టం మేరకు, వారి స్థానంలో జువాలజీ లెక్చరర్ శ్రీమతి దేవకృప గారు వెళ్తున్నారు." శిక్షణ వార్తకు చప్పట్లు కొట్టడం మా దగ్గర ఆనవాయితీ. అందరూ నెమ్మదిగా కొట్టారు. నేను కూడా కాగితం చంకలో పెట్టుకుని కొట్టాను.

కూర్చున్నాక ఒళ్లు వేడెక్కింది. జ్వరమేమో అనుకున్నాను. కాదు, కోపం. ఇరవై ఆరు రోజుల్లో నాకు మొదటిసారి ఏదైనా కలిగిందంటే అదే. మొగుడి చావు చదివితే రాలేదు, కోర్సు పోయిందని చదివితే వచ్చింది. నేనెలాంటి మనిషినో మీరే అనుకోండి.

ఈ కోర్సు సంగతి కాస్త చెప్పాలి. మాలాంటి కాలేజీల్లో రిఫ్రెషర్ కోర్సు చెయ్యనిదే జీతంలో పై స్కేలు ఇవ్వరు. ఏడాదికి ఒకరిద్దర్ని సీనియారిటీ ప్రకారం పంపుతారు. పదకొండేళ్లుగా ప్రతి ఏడూ మొదట నన్నే అడిగేవారు. ప్రతి ఏడూ నేను "ఇంట్లో కుదరదండీ" అని కాగితం రాసిచ్చేదాన్ని. నా దగ్గర పాఠం చదువుకుని లెక్చరర్లయిన పిల్లలు నన్ను దాటి పై స్కేలుకు వెళ్లారు. వాళ్ల అభినందనలు కూడా నేనే చదివాను. జకర్యా గారు ఊరుకోలేక, అడగందే అమ్మయినా పెట్టదు, ఇంట్లో ఒకసారి గట్టిగా అడిగి చూడమ్మా అనేవారు.

అడిగాను. ఒకసారి అడిగాను. పెళ్లయిన రెండో ఏడు, సీతాఫల్‌మండిలో ఇప్పుడున్న ఈ ఇంట్లోనే. ఆయన డ్యూటీకి బయల్దేరుతూ గుమ్మంలో కూర్చుని బూట్లు వేసుకుంటున్నారు. ఏమండీ, కాలేజీ వాళ్లు మూడు వారాలు ట్రైనింగుకు వెళ్లమంటున్నారు అన్నాను. ఆయన లేసు ముడేస్తూ తలెత్తకుండా "మూడు వారాలా?" అన్నారు. అంతే. రెండో బూటు కూడా వేసుకుని వెళ్లిపోయారు. రాత్రి వచ్చాక దాని ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు. మర్నాడు కాలేజీలో ఇంట్లో కుదరదని రాసిచ్చాను.

మాటలు తక్కువ మనిషి. పిల్లలు లేరు, ఇల్లంతా నిశ్శబ్దం. హోటల్ తిండి పడదు, నా చేతి వంట తప్ప తినరు. ఆయన్ని మూడు వారాలు ఎవరి మీద వదిలి వెళ్తానని నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకుంటూనే లోపల ఒక్కొక్క ఏడూ ఒక్కొక్క పొర కోపం పేర్చుకున్నాను. కూర వడ్డించేటప్పుడు గరిటె కాస్త గట్టిగా పెట్టేదాన్ని. ఆయన ఏమిటని అడిగేవారు కాదు.

పోయిన డిసెంబరులో క్రిస్మస్ సెలవులకు ముందు ప్రిన్సిపాల్ మేడమ్ మామూలుగా నన్ను పిలిచి, మామూలుగా నా కుదరదనే కాగితం కోసం చెయ్యి చాచారు. వెళ్తానండి అన్నాను. ఎందుకన్నానో తెలియదు. నలభై మూడేళ్లొచ్చాయి, ఇంక విసుగొచ్చింది. ఆమె రెండుసార్లు అడిగి మరీ సంతకం పెట్టించుకున్నారు. జనవరి నాలుగున సెలక్షన్ ఉత్తరం వచ్చింది. స్టాఫ్ రూమంతా ఒకటే వేళాకోళం. మేడమ్, తిరుపతి నుంచి మాకు లడ్డూలు తేవాలి, మీ పాస్టరు గారు ఏమీ అనుకోకపోతే గుండు కూడా అని. నేనూ నవ్వాను. ఆయనకు మాత్రం చెప్పలేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక, కోడికూర తినేటప్పుడు చెప్దామనుకున్నాను. కుదురుతుందా అని అడగడం కాదు, వెళ్తున్నానని చెప్పడం. ఆ మాట మనసులో ఎన్నిసార్లు అనుకున్నానో.

శుక్రవారం పదకొండు గంటలకు, పార్శిల్ ఆఫీసులో టీ తాగుతూ ఆయన కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోయారట. ఆస్పత్రికి చేర్చేసరికే అయిపోయిందన్నారు. నేను చెప్పాల్సిన మాట నా దగ్గరే ఉండిపోయింది.

ఆ తరవాతి రోజులు నాకు ముక్కలు ముక్కలుగా గుర్తున్నాయి. ఎవరో ఏదో అడుగుతారు, నేను గంగిరెద్దులా తలూపుతాను. పెట్టెకు ఈ రంగు సరేనా? ఊపాను. ఈ కీర్తన పాడదామా? ఊపాను. కాస్త టీ తాగుతావా? ఊపాను, తాగలేదు. సమాధుల తోటలో మట్టి వేయమంటే వేశాను. ఏడవమని కూడా కొందరు పెద్దవాళ్లు చెప్పారు, లోపల పెట్టుకోకూడదని. దానికీ ఊపాను గాని రాలేదు.

ఫస్ట్ అవర్ అయ్యాక ప్రిన్సిపాల్ గదికి వెళ్లాను. డాక్టర్ ఎలీసబెతు మేడమ్ మంచిమనిషి. నన్ను చూడగానే లేచి వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నారు. నా కోర్సు ఎందుకు మార్చారని అడిగాను. అడిగిన తీరు బాగాలేదని నాకే తెలుస్తోంది. ఆమె ముఖం అదోలా అయింది.

"మీ ఇంట్లో ఆదరణ కూడిక ప్రార్థన జరిగిన రోజు నేనే అడిగానమ్మా," అన్నారు. "ఈ స్థితిలో వెళ్లలేవు కదా, దేవకృపకు ఇవ్వమంటావా అని. నువ్వు తలూపావు. సరిగా విన్నావో లేదోనని మళ్లీ అడిగాను. మళ్లీ ఊపావు."

నాకు గుర్తులేదు. ఆమె నా పక్కన కూర్చున్నది గుర్తుంది, ఆమె చేతిలో రుమాలు గుర్తుంది. మాట గుర్తులేదు. తిట్టడానికి మనిషి కోసం వచ్చాను, దొరికింది నేనే.

వెళ్తానన్నాను. ఆమె, దుఃఖంలో మతి చలించిందేమో అనుకున్నారో ఏమో, చాలా మెత్తగా మాట్లాడారు. పదిహేనో తారీఖున నలభయ్యో రోజు ప్రార్థన కూడిక ఉంది కదా, నువ్వు లేకపోతే మీ అత్తింటివాళ్లేమంటారు, జూన్‌లో ఇంకో కోర్సు వస్తుంది, అప్పుడు తప్పకుండా నిన్నే పంపుతానన్నారు. జూన్‌లో కాదండీ, ఇప్పుడే అన్నాను. ఎందుకని అడిగారు. ఇంటికెళ్తే బూట్లు గుమ్మంలో ఉంటాయి. ఆయన బతికుండగా ఆపారు, పోయి కూడా ఆపుతున్నారు అనిపించింది. ఇలాంటివి ప్రిన్సిపాల్‌తో చెప్పే మాటలు కావు. చివరికి ఆమె, శుక్రవారం లోపల దేవకృప ఒప్పుకుంటే ఫ్యాక్స్ పంపి పేరు మార్పిస్తాను, అది మీరిద్దరూ మాట్లాడుకోవాలి అన్నారు.

దేవకృప జువాలజీ ల్యాబులో సీసాలు తుడిపిస్తోంది. ముప్పై ఏళ్ల పిల్ల, నన్ను అక్కా అంటుంది. నేను లేని రోజుల్లో నా క్లాసులు కూడా తనే తీసుకుంది. చెప్పాను. ముందు తను అర్థంకానట్టు చూసింది. తరవాత అర్థమైంది. చంటిపిల్లను చూసుకోవడానికి వాళ్ల అత్తగారిని భీమవరం నుంచి ఎంత బతిమాలి రప్పించిందో, రైలు టికెట్ ఎప్పుడు చేయించిందో, కొత్త సూట్‌కేసు ఎంత మురిపెంగా కొన్నదో, అన్నీ ఆ ముఖంలో ఒకదాని వెంట ఒకటి కదలడం చూశాను.

"మీదే కదక్కా అది. తీసుకోండి," అంది. ఆ తరవాత అటు తిరిగి సీసా అందుకుంది.

థాంక్స్ చెప్పి వచ్చేశాను. సిగ్గు పడాల్సిన చోటని తెలుసు. తెలియడమే గాని పడలేదు. మధ్యాహ్నం మేడమ్ ఫ్యాక్స్ పంపించారు. సాయంత్రానికి తిరుపతి నుంచి సరేనని జవాబు కూడా వచ్చింది. జకర్యా గారు ఆ జవాబు కాగితం నా చేతికిచ్చి, పొద్దున చేసినదానికి క్షమించమన్నారు. ఫర్వాలేదండీ, వాక్యం బాగానే రాశారు అన్నాను. ఆయన తన సీటుకు వెళ్లిపోయారు.

ఇక మిగిలింది ఒక్కరే, మా ఆడపడుచు రోసమ్మ వదిన. ఆయనకంటే ఆరేళ్లు పెద్దది, బోయిగూడలో ఉంటుంది. ఆయన పోయిన రోజు నుంచీ నా దగ్గరే ఉండి ఇల్లు నడిపిస్తోంది. నలభయ్యో రోజు కూడికకు ఎవరిని పిలవాలి, వంట ఎవరు చేయాలి, పాస్టరు గారికి ఏ బట్టలు పెట్టాలి, అన్నీ ఆవిడ చేతిలోనే ఉన్నాయి. మొగుడి కూడిక వదిలేసి చదువుకోవడానికి పోతానంటే ఆవిడ ఏమంటుందో నాకు తెలుసు. ఆవిడ నోటికి బోయిగూడలో భయపడని వాళ్లు లేరు. సికింద్రాబాద్ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కాను. దారి ఒక్క స్టేషనే. అంతలోనే అనాల్సినవన్నీ కూడబలుక్కున్నాను. పదకొండేళ్ల నుంచి మీ తమ్ముడు నన్ను కదలనివ్వలేదు. ఇప్పుడు మీరు కూడా ఆపితే ఊరుకోను. ఆయనతో అనాలనుకున్నవి ఆయన అక్కతో అంటే కొంతైనా తీరుతుందనిపించింది. చాలా రోజుల తరవాత గబగబా నడిచాను.

వదిన మా వరండాలో చాప వేసుకుని కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఇంకా ఎండ పోలేదు. నేను చెప్పులు కూడా విప్పకుండా, ఆదివారం తిరుపతి వెళ్తున్నాను వదినా, మూడు వారాలు, కూడికకు ఉండను అన్నాను.

ఆవిడ చెయ్యి ఆగలేదు. "పో," అంది. "కూడిక నేను చూసుకుంట. పాస్టరేమన్న తెల్వనోడా? ఇంట్ల కూసుంటే పిచ్చి లేస్తది నీకు."

నేను కూడబలుక్కున్నవన్నీ నోట్లోనే ఉండిపోయాయి. అప్పుడు చెప్పులు విప్పాను. ఆవిడ ఇంకో కాయ అందుకుంటూ, మామూలుగా, ఏదో పాత సంగతి చెప్పినట్టు అంది.

"అప్పట్లనే పోతవనుకున్న నువ్వు. మీ పెండ్లయిన కొత్తల."

ఎప్పుడని అడిగాను.

"ఒకనాడు పొద్దుగాల తమ్ముడు డ్యూటీకి పోకుంట సీదా మా ఇంటికొచ్చిండు. అక్కా, ప్రేమ మూడు వారాలు ట్రైనింగ్‌కు పోతుంది, అన్ని దినాలు రాత్రి బువ్వ మీ ఇంట్లనే తింట, నాకు సుత ఒక గుప్పెడు బియ్యం ఎక్కువెయ్యి అన్నడు. మస్తు ఖుషీగ ఉండె. మా పెండ్లాం చదువుకున్నదని గల్లీల అందరికి చెప్పి పోయిండు. నేను జూస్తనే ఉన్న, రాడాయె. వారమయినంక అడిగిన. ఆమె పోలేదక్కా, ఆమెకే ఇష్టం లేనట్టుంది అన్నడు. అడగకపోయినవారా అన్న. అడిగితే, పో అని తోలినట్టుంటది కదా అన్నడు."

నేను చాప మీద కూర్చున్నాను. ఆయన నన్ను వెళ్లొద్దని ఎప్పుడూ అనలేదా వదినా అని అడిగాను.

"ఎన్నడనలే. ఏడాదేడాది నేను అడుగుతనే ఉంటి, ఈసారన్న పోతదారా అని. ఏమో అనెటోడు. నువ్వు గరం మీదుంటవని నిన్నడగనీకి భయపడుతుండె."

ఆ పొద్దున ఆయన బూట్లు వేసుకుని నేరుగా బోయిగూడ వెళ్లారు. నేను ఆ వెళ్లిపోయిన వీపు చూసి కాదన్నారనుకున్నాను. రాత్రి ఆయన నేను చెప్తానని ఎదురుచూశారు, నేను ఆయన చెప్తారని ఎదురుచూశాను. పదకొండేళ్లు ఒకే కంచం పక్కన కూర్చుని ఎదురుచూశాం. ఒక్కరం నోరు తెరిచినా సరిపోయేది. ఆయన్ని నేను ఎంత తప్పుగా చూశానో, ఆ చూపుతోనే ఆయనకు ఎన్ని పూటలు అన్నం పెట్టానో తలచుకుంటే భయం వేసింది. అసలు ఈ ఇరవై ఆరు రోజులూ నన్ను నిలబెట్టింది ఆయన మీద కోపమే. అది ఉన్నంతసేపూ ఆయన ఎక్కడో ఉన్నట్టే ఉంది, నేను పోట్లాడాల్సిన మనిషి ఒకరు మిగిలి ఉన్నట్టే ఉంది. ఇప్పుడు కోప్పడటానికి ఏమీ మిగల్లేదు.

"ఇంకోసారి చెప్పు వదినా," అన్నాను.

ఆవిడ నా ముఖం చూసి, చేతిలో కాయ పక్కన పెట్టి, మొదటి నుంచి మళ్లీ చెప్పడం మొదలుపెట్టింది. పొద్దుగాల వచ్చిండు, డ్యూటీకి పోకుంట వచ్చిండు. ఒక గుప్పెడు బియ్యం ఎక్కువెయ్యమన్నాడనే దగ్గరికి వచ్చేసరికి నాకు ఏడుపు వచ్చింది. ఆయన పోయారని నాకు అప్పుడు తెలిసింది.